‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఎల్పీ: ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత మొదటి పక్క మీద నా ఫిర్యాదు

అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ చేసిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ గొప్ప రికార్డా కాదా అన్న మాట నేనెత్తను. చెప్పాల్సినవాళ్లందరూ చెప్పేశారు. ఎవరెవరు వాయించారో, ఎన్ని కాపీలు అమ్ముడుపోయాయో కూడా అందరికీ తెలుసు. నేను రాసేది దాని మొదటి పక్క గురించి, అందులోనూ ఆ పక్క శ్రుతి గురించి. దాని మూలంగా మా ఇంట్లో ఒక హార్మోనియం పోయింది.

నా దగ్గరున్నది 1986లో మా బావ షికాగో నుంచి వస్తూ సూట్‌కేసులో చీరల మధ్య పెట్టి తెచ్చిన ఎల్పీ, అంటే రెండు పక్కలా పాటలుండే పెద్ద గ్రామఫోన్ రికార్డు. నేనడిగింది వాక్‌మన్. ఆయన తెచ్చింది ఇది. “మీ నాన్న హార్మోనిస్టు గదా, ఇంట్లో పనికొస్తుందిలే” అన్నాడు. మాది తెనాలి. నాన్న పౌరాణిక నాటకాలకి హార్మోనియం వాయించేవాడు. జర్మన్ రీడ్ల లెగ్ హార్మోనియం, మూడు స్థాయిలు, రెండు వరసల రీడ్లు. ఇంట్లో దాన్ని ‘పెట్టె’ అనేవాళ్లం. పెట్టె మీద చెయ్యి వెయ్యాలంటే ముందు కడుక్కుని రావాలి.

మొదటి నెల నాకు ఏమీ అర్థం కాలేదు. మొదటి పాట ‘సో వాట్’ మొదట్లో పియానో, బాస్ (వయొలిన్ జాతి పెద్ద తంతి వాద్యం) తాళం లేకుండా దేన్నో వెతుక్కుంటున్నట్టు తిరుగుతాయి. తర్వాత పాల్ చేంబర్స్ బాస్ మీద పల్లవి ఎత్తుకుంటాడు. ఆయన ఒక వాక్యం అంటాడు, మిగతావాళ్లు రెండంటే రెండు ముక్కల్లో బదులు చెప్తారు. మళ్లీ ఒక వాక్యం, మళ్లీ రెండు ముక్కలు. ట్రంపెట్ అందుకునే చోట డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ సింబల్ (ఇత్తడి పళ్లెం) మీద ఒక్క దెబ్బ వేస్తాడు. ఆ మోత ఆరిపోయేదాకా మైల్స్ వాయించే స్వరాల వెనకాల తెరలా వేలాడుతూనే ఉంటుంది. ఆ ఒక్క చోటు కోసం ముల్లు వెనక్కి పెట్టిపెట్టి ఆ భాగంలో గీతలు తెచ్చాను. ఇప్పటికీ అక్కడ చిటపటమంటుంది.

ఒకరోజు నాన్న ఇంట్లో లేనప్పుడు పెట్టె ముందు కూర్చుని రికార్డుతోపాటు తడుముతుంటే దొరికింది. రెండు శ్రుతి మెట్టు (ఇంగ్లీషు వాళ్ల ‘డి’) మీద షడ్జమం పెట్టుకుని అక్కణ్నుంచి తెల్ల మెట్లన్నీ వరసగా నొక్కుకుంటూ పోతే మన కర్ణాటక రాగం ఖరహరప్రియ. సో వాట్ అంతా అదే. పదహారు బార్లు (మన ఆవర్తాల్లాంటివి) రెండు శ్రుతిలో, ఎనిమిది బార్లు రెండున్నరలో, మళ్లీ ఎనిమిది బార్లు రెండులో. ఇంతే కట్టడం! తర్వాత కొన్నేళ్లపాటు కనపడ్డ ప్రతివాడికీ “జాజ్ అంటే మన ఖరహరప్రియేనోయ్” అని చెప్పుకు తిరిగాను. ఆ మాట ఇప్పుడు సగం వెనక్కి తీసుకుంటున్నాను. గాంధారాన్నీ నిషాదాన్నీ ఊపకుండా నిలువునా పెడితే దొరికేది ఖరహరప్రియ మెట్లే, రాగం కాదు. శాక్సఫోన్ వాయించే కోల్‌ట్రేన్ ఆ మెట్ల మీద ఎక్కడెక్కడికో పోతాడు గానీ త్యాగరాజస్వామి వెళ్లిన దారికి మాత్రం రాడు.

అసలు తంటా అక్కడే మొదలైంది. మెట్లు సరిపోతున్నాయి, శ్రుతి కలవడం లేదు. పెట్టె కొంచెం కిందుంటుంది, రికార్డు కొంచెం పైనుంటుంది. రెండూ కలిసి మోగినప్పుడు గాలిలో ఉం-ఉం-ఉం అని ఒక ఊపు. రికార్డు వేగం ఆరు శాతం పెరిగితే శ్రుతి అర స్వరం పెరుగుతుంది, అంటే హార్మోనియం మీద సరిగ్గా పక్క మెట్టు. అంత తేడా ఉంటే నేనూ పక్క మెట్టుకి జరిగి వాయించుకునేవాణ్ని, గొడవే లేదు. ఇది రెండు మెట్ల సందులో పడింది.

నాన్న విన్నది ఒక్కసారి. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, “ఏందిరా అది, శ్రుతి పైకి లాగుతోంది” అన్నాడు. పేరు అడగలేదు, ఏ దేశపు సంగీతమో అడగలేదు. నేను వింటేనా! అమెరికా రికార్డు, పెద్ద కంపెనీ, న్యూయార్క్ స్టూడియో. తప్పు ఉంటే మా రికార్డ్ ప్లేయర్‌లో ఉండాలి, లేకపోతే మా పెట్టెలో ఉండాలి. రికార్డులో ఉంటుందని ఊహకి కూడా రాలేదు.

ముందు ప్లేయర్‌ని పట్టుకున్నాను. రేడియోలు బాగుచేసే స్నేహితుడు ఒక అట్ట బిళ్ల ఇచ్చాడు. దాని అంచున 180 గీతలు. తిరిగే ప్లేటు మీద పెట్టి ట్యూబ్‌లైటు కింద చూస్తే, మన 50 సైకిళ్ల కరెంటుకి, సరిగ్గా 33⅓ వేగంలో తిరుగుతుంటే గీతలు కదలకుండా నిలబడ్డట్టు కనిపిస్తాయి. వేగం ఎక్కువైతే ముందుకి పాకుతాయి. అరగంట చూశాం. ఒక్క గీత కదల్లేదు.

అంటే పెట్టె తప్పు! నాకు అప్పుడు ఇరవై రెండేళ్లు. లెక్క ఎంత శుభ్రంగా తేలిందో చూడండి.

నాన్న నాటకాలకని పది రోజులు ఊరెళ్లినప్పుడు పెట్టెని బెజవాడ తీసుకెళ్లాను. రీడ్లు సరిచేసే పెద్దాయన ఊది, నొక్కి, చెవి పెట్టి చూశాడు. “బానే ఉంది గదా బాబూ, ఎందుకు కదపడం?” అన్నాడు. నేను పట్టుబట్టాను. నాతో ఒక క్యాసెట్ తీసుకెళ్లాను, సో వాట్ రికార్డు చేసుకుని. (ఆ క్యాసెట్ ప్లేయర్ వేగం సరైనదేనా అని కూడా సరిచూసుకున్నాను, అంత తెలివి.) రీడు శ్రుతి పెంచాలంటే కొసన గీకాలి, దించాలంటే మొదట్లో గీకాలి. ఆయన సన్నటి ఆకురాయితో ఒక్కో ఇత్తడి నాలికనీ రెండు మూడు గీకులు గీకి, ఊది, విని, మళ్లీ గీకాడు. బల్ల మీద పసుప్పచ్చటి పొడి రాలింది. “గీకింది మళ్లీ అతకదు బాబూ, చూసుకో” అని మధ్యలో ఒకసారి అన్నాడు. అందుకే ఆయన తప్పేం లేదని ఇక్కడ చెప్తున్నాను.

ఆ రాత్రి సో వాట్ పెట్టి కూర్చుంటే, అబ్బ! ఊపు లేదు, ఒరిపిడి లేదు. పెట్టె ఆ రికార్డులో ఏడో మనిషిలా కలిసిపోయింది. నాలుగుసార్లు వాయించాను. అప్పుడు, జీవితంలో మొదటిసారి, పెట్టె ముందు కూర్చుని రెండో పక్క వేశాను. అంతకుముందు అది నాకు పడుకునే ముందు వినే పక్క. ‘ఆల్ బ్లూస్’ మొదలైంది. పెట్టె పైనుంది, రికార్డు కిందుంది. ఉం-ఉం-ఉం.

అదే రికార్డు, అదే ప్లేయర్, అదే అట్ట బిళ్ల.

నాన్న వచ్చాక నేనేమీ చెప్పలేదు. ఆయన కూర్చుని ఎత్తుగడగా ఒక్క ముక్క వాయించి ఆపేశాడు. మళ్లీ వాయించి ఆపేశాడు. “ఎవుడు ముట్టుకున్నాడ్రా?” అన్నాడు. ఆ మహాశివరాత్రికి కోటప్పకొండ తిరనాళ్లకి అరువు పెట్టెతో వెళ్లాడు, మన పెట్టె క్లారినెట్‌తో కుదరక. తర్వాత దించే ప్రయత్నం కూడా చేశాం. మొదట్లో గీకించేసరికి మంద్రంలో (కింది స్థాయిలో) రీడ్లు ఒకటొకటిగా తెగడం మొదలైంది, ఆపేశాం.

కారణం తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ రికార్డుని 1959లో రెండు రోజుల్లో చేశారు, మార్చి 2న, ఏప్రిల్ 22న. స్థలం న్యూయార్క్ 30వ వీధిలో, ఒకప్పటి చర్చిని కొలంబియా కంపెనీ స్టూడియోగా మార్చుకున్నది. మొదటి పక్క మూడు పాటలూ మార్చిలో అయినవి, రెండో పక్క రెండూ ఏప్రిల్‌లో. మార్చిలో ముఖ్యమైన టేపు మెషీన్ కాస్త నెమ్మదిగా నడిచింది. నెమ్మదిగా నడిచే టేపు మీద పట్టిన పాటని సరైన వేగంలో తిప్పితే పాట తొందరపడుతుంది, శ్రుతి ఎక్కుతుంది. ఏప్రిల్‌కి మెషీన్ బాగానే ఉంది. అదృష్టం కొద్దీ మార్చి రోజున పక్కనే ఇంకో మెషీన్ కూడా నడిచింది, దాని వేగం సరిగ్గా ఉంది. ఆ రెండో టేపుని బయటికి తీసి సరైన శ్రుతితో విడుదల చేసింది 1992లో. ముప్పై మూడేళ్లు! ఇదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. తొలి ముద్రణల్లో రెండో పక్క పాటల పేర్లు కూడా అటువి ఇటు పడ్డాయి.

2001లో చెన్నైలో సీడీ కొన్నాను, 1997 నాటి ముద్రణ. ఇంటికొచ్చి మా పాప కీబోర్డు మీద రెండు శ్రుతి మెట్టు నొక్కిపెట్టి సీడీ వేశాను. కలిసింది. నాన్న వాలుకుర్చీలో పేపరు చదువుతున్నాడు. పాట సగంలో తలెత్తకుండానే “దిగొచ్చిందే” అన్నాడు. పేజీ తిప్పాడు.

నాకు మాత్రం ఆ సీడీ వెంటనే మింగుడుపడలేదు. పదిహేనేళ్లు పైశ్రుతిలో విన్న చెవికి సరైన శ్రుతి నీరసంగా తోచింది. ట్రంపెట్‌లో ఆ పదును ఏదీ? ‘ఫ్రెడ్డీ ఫ్రీలోడర్’లో వింటన్ కెల్లీ పియానో నడకలో ఉండే హుషారు కాస్త తగ్గినట్టనిపించింది. ఏడాది వింటే గానీ సర్దుకోలేదు. ‘బ్లూ ఇన్ గ్రీన్’ మాత్రం దిగిన శ్రుతిలోనే బాగుంది, ఆ పాటకి తొందర పనికిరాదు. సీడీలో లాభం ఇంకొకటి, ‘ఫ్లెమెంకో స్కెచెస్’ రెండోరకంగా వాయించినది కూడా ఉంది. ఆ పాటలో ఐదు మేళాలు (స్వరాల వరసలు) ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోదాంట్లో వాయించేవాడి ఇష్టం వచ్చినంతసేపు ఉండి తర్వాతదానికి జరగొచ్చు. అందుకే రెండుసార్లు వాయిస్తే రెండు వేరేవి వచ్చాయి. నాన్న ఈ రికార్డులో మెచ్చుకున్న మనిషి ఒక్కడే, ఈ పాటలో మైల్స్. “వీడికి తొందర్లేదురా” అన్నాడు.

ఒకప్పుడు అందరికీ చెప్పేవాణ్ని, జాజ్ వినడం మొదలుపెట్టేవాళ్లు దీంతోనే మొదలుపెట్టాలని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. మా తమ్ముడికి ఇస్తే రెండు వారాలకి తిరిగిచ్చి “నిద్రొస్తోంది అన్నయ్యా” అన్నాడు. వాడికి డప్పు కావాలి, తప్పులేదు. నాకు నచ్చడంలో కూడా పాట ఎంతుందో, పెట్టె ముందు దొంగతనంగా కూర్చున్న మధ్యాహ్నాలు ఎన్నున్నాయో విడదీసి చెప్పలేను.

కొనేవాళ్లు అడిగితే నేను చెప్పగలిగింది ఇది. ఊరికే వినేవాళ్లయితే ఏదైనా ఒకటే, ఈ తేడా మీ దాకా రాదు. వయొలిన్ వాళ్లకీ బెంగలేదు, బిరడా తిప్పుకుంటే సరిపోతుంది. హార్మోనియమో కీబోర్డో, శ్రుతి కదలని వాద్యం పక్కన పెట్టుకుని వాయించుకునేవాళ్లయితే 1992 తర్వాత సరిచేసినదే తీసుకోండి. ఇప్పుడు ఫోన్లో నేను విన్నవి సరిచేసినవే. పాత ఎల్పీ మీద మోజుపడి వేలు పోసే ముందు కదలని వాద్యంతో రెండు పక్కలూ సరిచూసుకోండి, ఒక్క పక్క కాదు. నేనైతే నాది అమ్మను. అది వేరే సంగతి, మీరు దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

నాన్న పోయి పన్నెండేళ్లు. పెట్టె నా దగ్గరే ఉంది. మంద్రంలో ఏడు మెట్లు పలకవు, మధ్యస్థాయి ఇంకా బానే ఉంది. ఏ భజనకీ, ఏ నాటకానికీ, ఏ కీబోర్డుకీ కలవదు. మొన్న సంక్రాంతికి దుమ్ము తుడిచి, ఎల్పీ మొదటి పక్క పెట్టి సో వాట్ మొత్తం వాయించాను. ఎక్కడా ఊపు రాలేదు. బ్లూ ఇన్ గ్రీన్ వాయించడం నాకు రాదు, ఊరికే విన్నాను. రికార్డు రెండో పక్కకి తిప్పే ముందు పెట్టె మూత వేసేశాను.