ఫుల్ స్క్రీన్‌కి అడగని బ్రౌజర్: నాలుగేళ్ల తర్వాత నా మాట

నాలుగేళ్లుగా షాపులోనూ ఇంట్లోనూ ఒకే బ్రౌజర్, క్రోమ్, వాడుతున్నాం. వేగం, ట్యాబులు, ఎక్స్‌టెన్షన్ల గురించి అందరూ రాసేశారు. నేను చెప్పేది ఫుల్ స్క్రీన్ గురించే.

ఒకప్పుడైతే కొత్త సైటులో వీడియో తెరనిండా పెట్టబోతే ‘అనుమతిస్తారా?’ అని అడిగేది. ఇప్పుడా ప్రశ్న లేదు. మన క్లిక్ పడకుండా సైటు తనంతట తాను తెరను ఆక్రమించలేదు గానీ, పడ్డ ఆ ఒక్క క్లిక్కే అనుమతి కింద లెక్క. పైన చిన్న నోటీసు కనిపించి కొన్ని సెకన్లలో మాయమవుతుంది. ఈ పద్ధతి హాయిగా ఉందని బ్రాడీపేటలో తెలిసినవాళ్లందరికీ నేనే చెప్పాను.

ఆమధ్య ఓ వేసవి సాయంత్రం నాన్న ఫోన్ చేశారు.

“ఒరేయ్, కంప్యూటర్ లాకైపోయింది. వైరస్ అట, ఏదో నంబరుకి ఫోన్ చెయ్యమంటోంది.”

వెనక సైరన్ మోత నాకూ వినిపిస్తోంది. మిర్చి ధరలు చూస్తుంటే ప్రకటన అడ్డొచ్చిందట, మూసేద్దామని ఇంటూ గుర్తు నొక్కారట. ఆ నొక్కుడే చాలింది. ఎస్కేప్ నొక్కమన్నాను. నొక్కారు, పోలేదు. నాకూ టెన్షన్ మొదలైంది.

“కింద మూల టైమెంతుంది నాన్నా?”

“మూడుంపావు.”

అప్పటికి ఐదున్నర దాటింది. అంటే కింద గడియారం, పైన అడ్రస్ బార్, అన్నీ ఆ సైటు చూపిస్తున్న ఉత్త బొమ్మలే.

ఎస్కేప్‌ను వదలకుండా పట్టుకోమన్నాను. అప్పుడు పోయింది. అప్పట్లో ఈ బ్రౌజర్లో ఫుల్ స్క్రీన్‌కి వెళ్లిన సైటు అడక్కుండానే కీబోర్డును కూడా తన చేతిలోకి తీసుకోగలిగేది. అలాంటప్పుడు ఎస్కేప్ ఒక్కసారి నొక్కితే సరిపోదు, నొక్కి పట్టుకోవాలి. ఆ సంగతి నోటీసులో ఉంటుంది, నిజమే. చెవిలో సైరన్ మోగుతుంటే డెబ్బై దాటిన మనిషి ఆ ఇంగ్లీషు లైను చదువుతారా? నాకంటే ముందు ఆ నంబరుకి చేసుంటే, డబ్బు పోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యాల్సొచ్చేది.

నాన్న కంప్యూటర్లో ఫైర్‌ఫాక్స్ పెట్టాను. అందులో ఎబౌట్ కాన్ఫిగ్‌ (అడ్రస్ బార్లో about:config అని కొడితే వచ్చే సెట్టింగుల పేజీ)కి వెళ్తే ఆ నోటీసు ఎంతసేపు ఉండాలో మార్చుకోవచ్చు. మామూలుగా 3000 మిల్లీసెకన్లు, నేను 15000 చేశాను. సీరియల్ చూసేటప్పుడు అడ్డొస్తోందని అమ్మ విసుక్కుంటోంది.

షాపులో మాత్రం పాతదే వాడుతున్నాను. చేతికి అలవాటైంది, పనీ ఆగదు. పెద్దవాళ్లు ఒంటరిగా కూర్చునే కంప్యూటరైతే ఈ బ్రౌజర్‌కి ఐదుకి మూడు మార్కులే వేస్తాను. కొత్త సైటు వచ్చిన మొదటిసారైనా అడిగేలా ఒక సెట్టింగ్ ఇస్తే నాలుగు చేస్తాను.