సర్జికల్ పాథాలజీ: బోధనాసుపత్రా, ప్రైవేటు ప్రాక్టీసా?

శరీరం నుంచి తీసిన కణజాలాన్ని గాజు స్లైడుపై పెట్టి, సూక్ష్మదర్శినిలో చూసి జబ్బును తేల్చే వైద్య విభాగమే సర్జికల్ పాథాలజీ. ఇందులో ఆదాయంలో సాధారణంగా ప్రైవేటు ప్రాక్టీసుదే పైచేయి. బోధనాసుపత్రిలో జీతం తక్కువ, పైగా పాఠాలు, పరిశోధనా పత్రాలు అదనం.

శ్రమ విషయానికొస్తే, ప్రైవేటు ప్రాక్టీసులో స్లైడ్ల సంఖ్యే ఒత్తిడి. బోధనాసుపత్రిలో ఒకే స్లైడును విద్యార్థితో కలిసి నిదానంగా చూడాలి.

శస్త్రచికిత్స సాగుతుండగానే పంపిన ముక్కను గడ్డకట్టించి, పలుచగా కోసి, రంగు వేసి, అంచుల్లో కణితి మిగిలిందో లేదో సుమారు 20 నిమిషాల్లో చెప్పవలసిన ఫ్రోజెన్ సెక్షన్ ఇద్దరికీ కత్తిమీద సామే. అయితే సందేహం వచ్చిన క్షణాన, మృదుకణజాల కణితులను క్షుణ్ణంగా ఎరిగిన సహచరుడు పక్క గదిలోనే ఉండటం రోగికి ఎంతో మేలు. నా దృష్టిలో బోధనాసుపత్రికున్న అసలు బలం ఇదే. ఒంటరిగా పనిచేసేవారు స్లైడును బయటికి పంపి ఎదురుచూడాలి.

ఒకే అవయవంపై లోతైన ఆసక్తి, బోధనపై మక్కువ ఉన్నవారికి బోధనాసుపత్రి తగినది. అన్ని రకాల బయాప్సీలూ చూస్తూ త్వరగా ఆర్థికంగా నిలదొక్కుకోవలసినవారికి ప్రైవేటు ప్రాక్టీసు నయం.