పసుపెక్కిన హెడ్‌లైట్లకు పన్నెండు వందలు: దేవరకొండ రోడ్డు షాపులో నా అనుభవం

పోయిన యాసంగి వడ్లప్పుడు, రాత్రి ఎనిమిదిన్నరకు దేవరకొండ నుంచి నల్గొండ వస్తున్నాను. రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి, నల్ల పట్టా కప్పి, చుట్టూ రాళ్లు పెట్టారు. మా వైపు అది మామూలే. నల్ల రోడ్డు మీద నల్ల పట్టా, నా కారు లైట్లేమో కిరసనాయిలు బుడ్లు. ముందు చక్రం రాయెక్కి దిగింది. తెల్లారి చూస్తే టైరు పక్కన నిమ్మకాయంత ఉబ్బు. నాలుగు వేలు వదిలాయి.

కారు డిజైర్, పదకొండేళ్లది. బల్బులు వీకయ్యాయనుకొని అంతకుముందే తెల్ల ఎల్‌ఈడీలు వేయించాను. ఎదురొచ్చే లారీలవాళ్లు డిప్పర్ కొట్టి తిట్టారు తప్ప నాకు రోడ్డు కనబడింది లేదు. మసకబారిన అద్దం వెలుతురును ముందుకు పంపకుండా నలుదిక్కులా చెదరగొడుతుందని, బల్బు పవర్ పెంచితే ఆ చెదిరేదే పెరుగుతుందని తర్వాత తెలిసింది.

అద్దం అన్నాను గానీ అది అద్దం కాదు, పాలికార్బొనేట్ ప్లాస్టిక్. ఎండలోని అల్ట్రావయొలెట్‌ను ఆపడానికి కంపెనీలోనే దాని మీద సన్నటి కోటింగ్ వేస్తారు. కొన్నేళ్లకు ఆ కోటింగ్ పోతుంది, ఇక ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. ప్లాస్టిక్ లైట్లున్న ఏ కారుకైనా ఇంతే. నాది పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా మా బడి ముందు ఎండలోనే. అందులోనూ ఎండ ఎక్కువ తగిలే ఎడమ లైటు కుడిదానికంటే రెండింతలు పసుపెక్కింది.

ముందు మా బావమరిది టూత్‌పేస్ట్ రుద్దాడు. అరగంటలో మెరిసింది, వాడి మొహం అంతకంటే మెరిసింది. నెల తిరిగేసరికి మళ్లీ అదే రంగు. తర్వాత ఒక వాటర్ వాష్‌లో మూడు వందలకు మెషిన్ పాలిష్ చేశారు, అది రెండున్నర నెలలు ఆగింది. ఇద్దరూ చేసింది ఒకటే: పైపొర గీకి వదిలేశారు. పైన ఏమీ పూయలేదు.

చివరికి వెళ్లింది దేవరకొండ రోడ్డులో ఒక పెయింటింగ్ షెడ్డుకు. బోర్డు కూడా సరిగ్గా లేదు. ఆ తమ్ముడు రెండు లైట్లకు పన్నెండు వందలు అన్నాడు. "మూడు వందలకు చేసేవాళ్లున్నారు కదా" అంటే, "చేస్తరు సార్, మూడు నెలలకు మళ్లొస్తరు" అన్నాడు. ఆ మాటతోనే కారు తాళం ఇచ్చేశాను.

చుట్టూ టేపు అంటించి, నీళ్లు కొడుతూ 800 నంబర్ వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) మొదలుపెట్టాడు. మొదట కారిన నీళ్లు ముదురు పసుపు, అచ్చం బియ్యంలో పసుపు కలిపి కడిగినట్టు. రుద్దగా రుద్దగా అవి తెల్లగా, పాలలా మారాయి. అప్పుడు ఇంకా నున్నటి పేపర్లకు మారాడు: 1000, 1500, 2000. ఆ దశలో లైటు ముందుకంటే అన్యాయంగా, బాత్రూం కిటికీ అద్దంలా కనిపించింది. నాకు టెన్షన్. ఇలా గరుకుగా ఉంటేనే పైన వేసేది పట్టుకుంటుందని చెప్పి, తుడిచి, ఆరబెట్టి, హార్డెనర్ (పూతను గట్టిపరిచే మందు) కలిపిన యూవీ క్లియర్ కోట్, అంటే అల్ట్రావయొలెట్‌ను ఆపే రంగులేని పూత, స్ప్రే గన్‌తో కొట్టాడు. రెండో కోటింగ్ పడుతుండగా ఆ మసకంతా కళ్ల ముందే నీళ్లలో కరిగినట్టు పోయింది. లోపలి బల్బు తీగ కూడా కనిపించింది. (ఎల్‌ఈడీలు తీయించి పాత బల్బులే పెట్టించాను లెండి.)

కంప్లైంట్లూ ఉన్నాయి. గంటన్నర అన్న పని నాలుగు గంటలైంది. టేపు జిగురు బంపర్ మీద వదిలాడు, నేనే ఇంటికొచ్చి కొబ్బరినూనెతో తీసుకున్నాను. షెడ్డు తలుపులు తెరిచే స్ప్రే కొట్టడంతో కుడి లైటులో రెండు దుమ్ము నలుసులు అతుక్కుపోయాయి, చేత్తో తడిమితే తెలుస్తాయి. అన్నిటికంటే నచ్చనిది, అంత ఘాటు కెమికల్ కొడుతూ ముక్కుకు దస్తీ కట్టుకున్నాడంతే. మంచి మాస్కు కొనుక్కోమంటే నవ్వాడు.

నచ్చింది అతని నిజాయితీ. ఎడమ లైటు లోపల కొంచెం చెమ్మ పట్టింది. "అది నేను పైనుంచి ఏం చేసినా పోదు సార్, విప్పి సీలు మార్చాలె" అని ముందే చెప్పాడు. కొత్త లైట్లు వేయిస్తానని బేరం పెట్టలేదు.

ఇప్పటికి తొమ్మిది నెలలు. ఒక వానాకాలం, ఒక చలికాలం దాటాయి, అసలు పరీక్ష రాబోయే మేలో. ఎడమ లైటు పై అంచున గోరంత మేర లేత పసుపు మొదలైనట్టు నాకు అనుమానం, మా ఆవిడకేమో కనబడటం లేదు. బడి దగ్గర కారు ముక్కు గోడవైపు ఉండేలా వేపచెట్టు కింద పెడుతున్నాను. కాకులు టాపంతా పాడుచేస్తున్నాయి.