కుక్క మెడకు గరాటా: ఏది కొనాలి, ఏది దండగ

కుక్కకు కుట్లు వేశాక, వాటిని నాకకుండా మెడకు గరాటా లాంటి కాలర్ తొడిగి డాక్టరు "కాలర్ తియ్యొద్దు" అంటారు. ఇంటికొచ్చాక పెద్దవాళ్లు "దాన్ని నాక్కోనివ్వండి, పుండు అదే మాన్పుకుంటుంది" అంటారు. పెద్దవాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేసేది కాదు. కుక్క చొంగలో లైసోజైమ్, లాక్టోఫెర్రిన్ లాంటి సూక్ష్మజీవుల్ని అణిచే పదార్థాలున్నాయి. 1990లో అచ్చయిన ఒక పరిశోధనలో ఆ చొంగ ఈ.కోలై అనే బ్యాక్టీరియా మీద, ఒక రకం స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా మీద పనిచేసింది. చర్మం పుండ్లలో తరచూ కనిపించే స్టెఫిలోకాకస్ మీద మాత్రం అంతగా పనిచేయలేదు. పైగా నాలుక అందే చోట మట్టీ, ఈగ గుడ్లూ నిలవవు. చెవి మీద, మెడ వెనక గాయమైతే పురుగులు పట్టేది ఇందుకే. నానుడి ఇక్కడే పుట్టి ఉండాలి.

కుట్టు సంగతి వేరు. పదే పదే నాకితే అంచులు తడిసి మెత్తబడతాయి, ముడి వదులవుతుంది, ఆపైన ముందు పళ్లు దారాన్ని కొరుకుతాయి. నోట్లోని పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా గాయం లోపలికి చేరుతుంది. పిల్లితో ఇంకో గొడవ. దాని నాలుక మీది ముళ్లు గొంతువైపు వంగి ఉంటాయి గనక దారం చిక్కుకుంటే ఉమ్మడం దానికి కష్టం, మింగేస్తుంది. పేగులో దారం అంటే మళ్లీ ఆపరేషనే.

మార్కెట్లో దొరికే వాటిలో పారదర్శక ప్లాస్టిక్ గరాటాకే మా ఓటు. చూడ్డానికి బాగుండదు, గోడలకు కొట్టుకుంటుంది, అయినా పనిచేస్తుంది. పక్కచూపు ఉంటుంది కాబట్టి జంతువు తక్కువ బెదురుతుంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీది సైజు నంబరు నమ్మొద్దు, అది కంపెనీకొక రకం. టేపుతో రెండు కొలతలు తీయండి: మెడ చుట్టుకొలత, మెడపట్టీ దగ్గర్నుంచి ముక్కు కొస వరకు పొడవు. గరాటా లోతు ఆ పొడవు కంటే రెండు మూడు సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. కొందరు ముద్దుగా ఉందని పొట్టిది కొంటారు. పొట్టి గరాటా పెట్టినా పెట్టకపోయినా ఒకటే.

బిగింపులోనే ఎక్కువ సరుకు ఫెయిలవుతుంది. వెల్క్రోలో వెంట్రుకలు ఇరుక్కుని రెండు మూడు రోజులకే పట్టు పోతుంది. టిచ్ బటన్లను గట్టి కుక్క కాలితో ఒక్క గుంజుడు గుంజితే చాలు. కుక్క సొంత పట్టీని దూర్చుకునే కొక్కేలున్న రకం తీసుకోండి. మెడకూ పట్టీకీ మధ్య రెండు వేళ్లు దూరాలి. అంతకంటే వదులైతే పిల్లి ముందుకాలు అందులో ఇరుక్కుంటుంది. లోపలి అంచుకు మెత్తటి గుడ్డ లేకపోతే మెడ ఒరుసుకుపోతుంది, కొత్త పుండు తయారు.

గుడ్డ గరాటా నిద్రకు సుఖమే, కానీ ఒత్తితే వంగుతుంది, నీళ్లలో తడుస్తుంది. మే నెలలో నల్ల నైలాన్ రకం అసలొద్దు. కుక్క వేడిని వదిలేది ప్రధానంగా నాలుక చాచి ఒగర్చడంతోనే, మొహం చుట్టూ గాలి ఆడాలి. (ఎద్దుకు కట్టినట్టు మూతికి చిక్కం కట్టి పడుకోబెట్టే వాళ్లున్నారు. అది గరాటాకు బదులు కాదు, బిగుతుగా ఉంటే ఒగర్చనివ్వదు.) గాలి నింపే మెడ ట్యూబు పగ్ లాంటి పొట్టి మూతి కుక్కకు, అదీ పొట్ట గాయానికి పర్వాలేదు. లాబ్రడార్‌కు పెడితే పంజా, తోక హాయిగా అందుతాయి, గోరు తగిలితే గాలీ పోతుంది. బనీను లాంటి సూట్ పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కుట్టుకు బాగుంటుంది. ఉచ్చకు తడిస్తే వెంటనే మార్చాలి, అందుకే రెండు కొనాలి.

గరాటా పెట్టాక, కుక్క నాకి చేసుకునే శుభ్రం మీరు చేయాలి. పొద్దున, సాయంత్రం కుట్టు చూడండి. ఎర్రబారినా, వాచినా, వాసన వచ్చినా డాక్టరు దగ్గరికి. తుడవమని చెప్తే, అర లీటరు మరిగించి చల్లార్చిన నీళ్లలో ముప్పావు టీస్పూను ఉప్పు కలిపి దూదితో అద్దండి. పసుపు, జింక్ ఆయింట్‌మెంట్ మీ అంతట మీరు పూయొద్దు. జింక్ కడుపులోకి పోతే విషం. మీ చేతి మీద గీరుకున్న గాయం ఉంటే కుక్కను నాకనివ్వకండి. చిట్లిన చర్మాన్ని రేబిస్ అనుమానమున్న జంతువు నాకితే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మూడో తరగతిలో, నెత్తురొచ్చిన కాటుతో పాటే లెక్కిస్తుంది: సబ్బుతో 15 నిమిషాలు కడగడం, టీకా, ఇమ్యూనోగ్లోబ్యులిన్ (రేబిస్‌ను అడ్డుకునే సిద్ధం చేసిన యాంటీబాడీలు).

నీళ్ల గిన్నె గరాటా నోటికంటే చిన్నదై ఉండాలి, పీట మీద ఎత్తుగా పెట్టాలి. అప్పటికీ తాగకపోతే మీరు పక్కనుండగా తీసి, తాగాక మళ్లీ తగిలించండి. కుట్లు విప్పేదాకా, అంటే మామూలుగా 10 నుంచి 14 రోజులు, రాత్రిళ్లు మాత్రం తీయొద్దు. కుట్టు తెగేది ఎక్కువగా ఇంట్లో అందరూ పడుకున్నాకే.