నంబర్ కొడితే జాతకం మొత్తం చెప్పే సైట్: లెక్క సూపర్, బ్యాడ్జీల గోల ఎక్కువ (3/5)

పెద్ద నంబర్ ఏదైనా కొడితే ప్రైమా కాదా, ఫ్యాక్టర్స్ ఏంటి, భాజకాలు ఎన్ని, ఏ ఏ కేటగిరీల్లోకి వస్తుంది అని అన్నీ ఒకే పేజీలో చూపించే ఫ్రీ సైట్ ఇది. ఇలాంటివి బోలెడు ఉన్నాయి కదా, అందుకే ముందు బోల్తా కొట్టిద్దామని 3215031751 ఇచ్చా. అమాయకంగా కనిపిస్తుంది గానీ, బేస్‌లు అనే కొన్ని సంఖ్యలు తీసుకుని నంబర్ ప్రైమా కాదా అని పరీక్షించే మిల్లర్-రాబిన్ టెస్ట్‌ని 2, 3, 5, 7 బేస్‌లతో పెడితే నాలుగింట్లోనూ ప్రైమ్‌లాగే పాసైపోతుంది, నిజానికి అది 151 × 751 × 28351. నాలుగు బేస్‌లు చూసి చేతులు దులిపేసుకునే టూల్స్ అన్నీ ఇక్కడే దొరికిపోతాయి, ఇది మాత్రం దొరకలేదు, మూడు ఫ్యాక్టర్లూ నీట్‌గా ఇచ్చింది. తర్వాత 2 పవర్ 67 మైనస్ 1. ఇది ప్రైమ్ కాదని గణితజ్ఞుడు లూకాస్ 1876లోనే తేల్చేశాడు, అయినా ఫ్యాక్టర్స్ కోసం 1903లో కోల్ అనే ఇంకో గణితజ్ఞుడి దాకా ఆగాల్సి వచ్చింది, ఈ సైట్ మాత్రం కన్ను మూసి తెరిచేలోపు 193707721 × 761838257287 అని పెట్టేసింది. లెక్క విషయంలో వంక పెట్టడానికేం లేదు.

గొడవంతా కేటగిరీల దగ్గరే. 33550336 కొట్టి చూడండి. ఐదో పర్ఫెక్ట్ నంబర్, అంటే తనని వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్ళీ అదే వస్తుంది. దాని కింద ట్రయాంగులర్ (1, 2, 3 అని వరసగా కూడుతూ పోతే వచ్చేది) అని ఒక బ్యాడ్జీ, హెక్సాగొనల్ (n × (2n − 1) రూపంలో ఉండేది) అని ఇంకోటి, 1 నుంచి 127 దాకా బేసి సంఖ్యల ఘనాల మొత్తం అని మరోటి. అబ్బో ఎన్ని గుణాలో అనిపిస్తుంది కదా, కానీ అన్నీ 4096 × 8191 అన్న ఒక్క ముక్కలోంచి వచ్చినవే. 8191 × 8192 ని సగం చేస్తే ట్రయాంగులర్ అయిపోయింది, మొదటి n బేసి సంఖ్యల ఘనాల మొత్తం n² × (2n² − 1), 4096 అంటే 64 స్క్వేర్ కాబట్టి ఆ ఘనాల సంగతీ అయిపోయింది. ఏది దేన్నుంచి వచ్చిందో ఒక్క లైన్ రాస్తే ఏం పోయేదో. పైగా అంకెలు కూడితే 28, అదీ పర్ఫెక్ట్ నంబరే అని పెద్ద అక్షరాల్లో వేశారు. సరదాగా ఉంది, కాదనను, కానీ అది పదుల పద్ధతిలో రాయడం వల్ల కలిసొచ్చిన ముచ్చటే. అసలు అందం బైనరీలో ఉంది, వరసగా 13 ఒకట్లు (అది 8191), ఆ వెనకే 12 సున్నాలు (అది 4096తో గుణించడం), దాన్ని చూడగానే విషయం మొత్తం అర్థమైపోతుంది, ఆ లైనేమో పేజీ అడుగున బుల్లి ఫాంట్‌లో పడేశారు!

ఎవరైనా విడగొట్టగలరా అని సవాలుగా పెట్టిన 617 అంకెల ఆర్‌ఎస్‌ఏ-2048 కూడా ఇచ్చా, ప్రైమ్ కాదని టక్కున చెప్పింది, అక్కడిదాకా ఓకే. ప్రైమ్ కాదని తేల్చడం వేరు, విడగొట్టడం వేరు, దాని ఫ్యాక్టర్స్ ఇప్పటిదాకా ఎవరూ బయటపెట్టలేదు. తీయలేం అని ఒక మాట అనేస్తే సరిపోయేది, అది మానేసి భాజకాల దగ్గర చక్రం అలా తిరుగుతూనే ఉంది.

ఇంకోటి, కామాలున్న నంబర్ పేస్ట్ చేయకండి, మొదటి కామా దాకా ఉన్న అంకెలే తీసుకుని వాటి గుణాలు చెప్పేస్తుంది, ఎర్రర్ కూడా చూపించదు. అది సరిచేస్తే ఇంకో స్టార్ కలుపుతా.