లినక్స్‌లో గేమింగ్: మారిపోవాలా, ఉండిపోవాలా, రెండూ పెట్టుకోవాలా... ఏది మేలు?

విండోస్‌కి బదులుగా వేసుకోగల ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్. శనివారం రాత్రి నలుగురైదుగురు కలిసి వాలొరెంట్ లాంటి ఆన్‌లైన్ షూటింగ్ గేమ్ ఆడేవాళ్లకి అది పనికిరాదు. ఒక్కడే తీరిగ్గా కూర్చుని కథ ఉన్న గేములు ఆడుకునేవాడికి విండోస్ అక్కర్లేదు. ఈ రెండు మాటలతో మీ సంగతి తేలిపోతే ఇక చదవక్కర్లేదు. మధ్యలో ఉన్నవాళ్లతోనే అసలు పేచీ.

బెంగళూరులో మనవాళ్ల మధ్య ఈ ప్రశ్న ఈమధ్య ఎక్కువగా వినిపిస్తోంది. దానికి కారణం లినక్స్ మీద పుట్టుకొచ్చిన ప్రేమేమీ కాదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. మారతహళ్లి, బీటీఎం వైపు పీజీల్లో చూడండి, ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు ఇంట్లోవాళ్లు కొనిచ్చిన లాప్‌టాప్‌తోనే నెట్టుకొస్తున్నవాళ్లు చాలామంది. మెషీన్ బాగానే ఉంటుంది. కానీ విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్‌లో అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే అది ఒప్పుకుంటుంది. ఏడో తరం ఐ5 ఉన్నవాడు 2026 అక్టోబరు 13 దాకా పొడిగింపు అప్‌డేట్లతో గడపొచ్చు. ఆ తర్వాత ఏంటి? "లినక్స్ వేసెయ్ మావా, అన్నీ నడుస్తాయి" అనేవాడు ప్రతి పీజీలోనూ ఒకడుంటాడు. పగలంతా ఆఫీసులో లినక్స్ సర్వర్ల మీదే పని కాబట్టి వాడికి ఆ ధైర్యం. వాడి మాటలో ముప్పావు వంతు నిజమే. మిగిలిన పావు వంతులో మీ గేమ్ ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.

ఆ ముప్పావు వంతు నిజం

2013లో లినక్స్‌కి స్టీమ్ వచ్చింది, అంటే కంప్యూటర్ గేములు కొని దింపుకునే వాల్వ్ కంపెనీ స్టోర్. 2015లో వాల్వ్ స్టీమ్ మెషీన్లంటూ లినక్స్ పెట్టెలు తెచ్చింది. అవి ఆడలేదు. కారణం చిన్నదే, వాటిలో నడిచే గేములు తక్కువ. ఆ రోజుల్లో ప్రతి గేమ్‌నీ దాని కంపెనీయే లినక్స్ కోసం విడిగా తయారుచేయాలి. లినక్స్‌లో ఆడేవాళ్లు లేరని కంపెనీలు తయారుచేయవు, గేములు లేవని ఆడేవాళ్లు రారు. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు అన్నట్టుండేది.

ఈ ముడిని 2018 ఆగస్టులో ప్రోటాన్ విప్పింది. విండోస్ గేముల్ని లినక్స్‌లో నడిపించే వాల్వ్ సాఫ్ట్‌వేర్ అది. గేమ్ కంపెనీని బతిమాలే పనే లేకుండా చేసింది. దీని వెనక ఉన్న వైన్ ప్రాజెక్టు 1993 నుంచీ నడుస్తోంది. విండోస్ ప్రోగ్రామ్ ఫైల్ తెరువు, మెమరీ ఇవ్వు అని అడిగే ప్రతి పనినీ లినక్స్‌కి అర్థమయ్యేలా మార్చి చేయించడమే దాని పని. బొమ్మల సంగతి డీఎక్స్‌వీకే చూసుకుంటుంది. విండోస్ గేములు బొమ్మ గీయమని అడిగే భాష డైరెక్ట్‌ఎక్స్; దాని 11, అంతకు ముందువాటి ఆదేశాలను లినక్స్‌కి తెలిసిన వల్కన్‌లోకి మారుస్తుంది. డైరెక్ట్‌ఎక్స్ 12 గేములకి వీకేడీ3డీ-ప్రోటాన్ ఉంది. ఇవన్నీ స్టీమ్‌లోనే ఉంటాయి, మీరు విడిగా వేసుకోవాల్సిందేమీ లేదు. సెట్టింగ్స్‌లో స్టీమ్ ప్లే ఆన్‌లో ఉందో లేదో చూసుకుని, ఇన్‌స్టాల్ నొక్కి, ఆడుకోవడమే.

ఇది ఎంత దూరం వెళ్లిందో చెప్పడానికి ఎల్డెన్ రింగ్ చాలు. 2022 ఫిబ్రవరిలో ఆ గేమ్ వచ్చినప్పుడు విండోస్‌లో మధ్యమధ్యలో ఆగి ఆగి నడుస్తోందని అందరూ గోలపెట్టారు. అదే నెలలో వాల్వ్ చేతిలో పట్టుకుని ఆడే తన స్టీమ్ డెక్‌ని విడుదల చేసింది. అందులో ఉన్నది లినక్సే. ప్రోటాన్‌లో ఒక సవరణ చేసి ఆ ఆగడాన్ని వాల్వ్ చాలావరకు తగ్గించింది. అంటే విండోస్ కోసం రాసిన గేమ్, కొన్నాళ్లపాటు లినక్స్‌లోనే నున్నగా నడిచింది!

పాత గేముల విషయంలో నా ఓటు నిస్సందేహంగా లినక్స్‌కే. డైరెక్ట్‌ఎక్స్ 8, 9 కాలం నాటివి ఇవాళ్టి విండోస్‌లో తెరవబోతే రిజల్యూషన్ కుదరక, మౌస్ పనిచేయక ఏడిపిస్తాయి. ప్రోటాన్‌లో వాటిలో చాలావరకు కిమ్మనకుండా నడుస్తాయి. ఎపిక్, జీఓజీ స్టోర్లలో కొన్నవాటిని నడపడానికి హీరోయిక్ లాంచర్ ఉంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల గేమ్ పాస్‌కి నెలనెలా కట్టేవాళ్లు మాత్రం ఆశ వదులుకోండి, మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి దిగే గేములు ఇక్కడ నడవవు. క్రాక్ చేసిన రీప్యాక్‌ల గురించి అడిగేవాళ్లూ ఉంటారు. వాటితో విండోస్‌లోనే వైరస్ టెన్షన్, లినక్స్‌లో దానికి ఇన్‌స్టాలర్ తలనొప్పి కూడా తోడవుతుంది. స్టీమ్‌లో ధరలు రూపాయల్లోనే ఉంటాయి, యూపీఐతో కట్టొచ్చు, సేల్ వచ్చేదాకా ఆగండి.

పావు వంతు, అంటే అసలు గొడవ

లినక్స్‌లో గేములు నడవవంటే పదేళ్ల కిందట కారణం సాంకేతికం. ఇప్పుడు చాలావరకు అది నమ్మకానికి సంబంధించిన తగాదా.

పోటీ గేముల్లో మోసాలను పట్టుకునే యాంటీ-చీట్ సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటిగా విండోస్ కెర్నెల్‌లోకి, అంటే సిస్టమ్ గుండెకాయలోకి, దిగాయి. వాలొరెంట్‌లో ఉండే వాన్‌గార్డ్ అలాంటిదే, కంప్యూటర్ ఆన్ అవుతుండగానే లోపల కూర్చుంటుంది. 2024లో లీగ్ ఆఫ్ లెజెండ్స్‌కీ దాన్నే పెట్టారు. ప్రోటాన్‌లో విండోస్ కెర్నెల్ అనేదే లేదు, ఉన్నది లినక్స్ కెర్నెల్. వాన్‌గార్డ్ దిగడానికి చోటే లేదు. పోనీ లినక్స్‌కి విడిగా ఒకటి రాయొచ్చుగా అంటే, ఇక్కడ ఎవడి కెర్నెల్ వాడు మార్చి కట్టుకోవచ్చు. ఆ స్వేచ్ఛ కోసమే మనలో కొందరు లినక్స్‌కి వస్తారు, ఆ స్వేచ్ఛను చూసే గేమ్ కంపెనీ భయపడుతుంది.

ఇంతకంటే ఒళ్లు మండించే రకం ఇంకోటుంది. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్‌ఐ అని చాలా గేముల్లో వాడే యాంటీ-చీట్‌లు రెండూ 2021 సెప్టెంబరులోనే ప్రోటాన్‌కి మద్దతు ప్రకటించాయి. కానీ దాన్ని ఆన్ చేయాల్సింది గేమ్ తయారుచేసినవాళ్లు. కొందరు చేశారు, కొందరు చేయలేదు, కొందరు చేసి వెనక్కి తీసుకున్నారు. ఏపెక్స్ లెజెండ్స్ లినక్స్‌లో చక్కగా ఆడుతుండేది, 2024 అక్టోబరు 31న తలుపు మూసేశారు. చీటర్లు లినక్స్ దారిన వస్తున్నారన్నది వాళ్లు చెప్పిన కారణం. అంతకు ముందు నెల జీటీఏ ఆన్‌లైన్‌కి బ్యాటిల్‌ఐ తగిలించారు. లినక్స్‌కి అనుమతి ఇవ్వలేదు. కథ ఆడుకోవచ్చు, ఆన్‌లైన్‌కి వెళ్తే గెంటేస్తారు. ఫోర్ట్‌నైట్, పబ్‌జీ, కాల్ ఆఫ్ డ్యూటీ, ఈఏ వాళ్ల కొత్త ఫుట్‌బాల్ గేములు, బ్యాటిల్‌ఫీల్డ్ 6, వీటిలో ఏదీ లినక్స్‌లో ఆన్‌లైన్ ఆడలేం.

ఇందులో నన్ను చికాకు పెట్టేది నడవకపోవడం కాదు, నిలకడ లేకపోవడం. డబ్బులు పెట్టి కొన్న గేమ్, నిన్నటిదాకా ఆడిన గేమ్, ఎవరో సర్వర్‌లో ఒక అప్‌డేట్ వేస్తే రేపటి నుంచి ఉండదు. విండోస్ వాడేవాడికి ఈ భయం లేదు. విండోస్‌ని ఎంత తిట్టినా ఈ ఒక్క విషయంలో దానికి మార్కులు వేయాల్సిందే.

పోనీ కలిసి ఆడటానికి అసలు ఏవీ లేవా? ఉన్నాయి. కౌంటర్-స్ట్రైక్ 2, డోటా 2లకి లినక్స్ కోసమే తయారుచేసిన వెర్షన్లున్నాయి. మార్వెల్ రైవల్స్, హెల్‌డైవర్స్ 2 ప్రోటాన్‌తో నడుస్తాయి. కానీ ఊళ్లో ఉన్న చిన్నప్పటి ఫ్రెండ్స్ నలుగురూ రాత్రి తొమ్మిదికి వాలొరెంట్‌లో కలుస్తుంటే, "అందరూ డోటాకి వచ్చేయండిరా, నేను లినక్స్‌కి మారాను" అంటే ఎవరొస్తారు? గుంటూరులో ఒకడు, హైదరాబాద్‌లో ఒకడు, ఇక్కడ మనం. రోజూ మాట్లాడుకోవడానికి ఉన్న వంక ఆ గేమే. దాన్ని వదులుకోమని ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కోసమూ నేను ఎవరికీ చెప్పను. ఎంపిక చేసుకునేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు ఫ్రెండ్స్ లిస్టు చూడమనేది అందుకే.

రెండూ పెట్టుకుంటే?

ఒకే కంప్యూటర్‌లో విండోస్, లినక్స్ రెండూ వేసి, ఆన్ చేసేటప్పుడు ఒకటి ఎంచుకోవడమే డ్యూయల్ బూట్. దానితో రెండిట్లోని మంచీ దక్కుతుందనుకుంటాం. దక్కుతుంది, రెండిట్లోని చాకిరీతో సహా.

ఒకే డిస్కుని చీల్చి రెండూ వేయడం కంటే రెండో ఎస్‌ఎస్‌డీ పెట్టుకోవడం ఎంతో మేలు. చాలా గేమింగ్ లాప్‌టాప్‌లలో ఎస్‌ఎస్‌డీ బిగించే రెండో ఎం.2 స్లాట్ ఖాళీగా ఉంటుంది. టౌన్‌హాల్ దగ్గర ఎస్పీ రోడ్‌కి వెళ్తే అక్కడే కొని బిగించుకుని రావచ్చు. వెళ్లేముందు మీ మోడల్‌కి ఆ స్లాట్ ఉందో లేదో, అందులో పట్టేది ఎన్‌వీఎంఈ రకం డిస్కో సాటా రకమో చూసుకోండి. వేరే డిస్కు అయితే విండోస్ అప్‌డేట్ వచ్చి లినక్స్ బూట్‌ని కదిలించే గొడవ బాగా తగ్గుతుంది.

లినక్స్ వేసేముందు చూసుకోవాల్సింది డిస్కుకి తాళం వేసే విండోస్ ఏర్పాటు, బిట్‌లాకర్. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు ఎన్‌క్రిప్షన్ మనకి తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే బయోస్ సెట్టింగ్స్‌లో సెక్యూర్ బూట్‌ని (నమ్మకమైన సిస్టమ్‌నే మొదలుకానిచ్చే కాపలా) కదిపారంటే విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది, ముందే రాసి పెట్టుకోండి. విండోస్‌ని పూర్తిగా ఆపకుండా త్వరగా తెరిచే ఫాస్ట్ స్టార్టప్‌ని కూడా ఆపేయండి, లేకపోతే విండోస్ డ్రైవ్ లినక్స్‌లో చదవడానికి తప్ప రాయడానికి రాదు.

సెక్యూర్ బూట్‌ని ఆపేయమని పాత వీడియోలన్నీ చెప్తాయి. ఇప్పుడు ఆ సలహా చెల్లదు. విండోస్ 11లో వాలొరెంట్ ఆడాలంటే అది ఆన్‌లో ఉండాలి, బ్యాటిల్‌ఫీల్డ్ 6కీ అంతే. ఏ గేమ్ కోసం విండోస్ ఉంచుకున్నామో అదే నడవకపోతే రెండూ ఉంచుకుని ఏం లాభం? ఉబుంటు, ఫెడోరా, మింట్ లాంటి డిస్ట్రోలు, అంటే లినక్స్‌లోని రకాలు, సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా నడుస్తాయి. ఎన్‌విడియా డ్రైవర్ వేశాక రీస్టార్ట్‌లో ఒక నీలి తెర వచ్చి కీ నమోదు చేయమంటుంది. కంగారుపడి దాటేస్తే డ్రైవర్ ఎక్కదు, గేమ్ నత్తనడక నడుస్తుంది, తప్పంతా లినక్స్‌దంటారు.

గడియారం సంగతి మన దేశంలో ఇంకా తమాషాగా ఉంటుంది. మదర్‌బోర్డు గడియారంలో లినక్స్ గ్రీనిచ్ టైమ్ పెడుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. లినక్స్ నుంచి విండోస్‌కి వస్తే సరిగ్గా అయిదున్నర గంటలు వెనక్కి పోతారు. రాత్రి తొమ్మిది మ్యాచ్‌కి కూర్చుంటే గడియారంలో మధ్యాహ్నం మూడున్నర! లినక్స్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది.

గేముల ఫోల్డర్‌ని మాత్రం రెండిటికీ ఉమ్మడిగా విండోస్ డ్రైవ్‌లో పెట్టకండి, ఆ డ్రైవ్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ ప్రోటాన్‌కి పడదు. ఒక్కో గేమ్ వంద జీబీ ఉంటుంది, పీజీ వైఫైలో రెండుసార్లు దింపాలా అని కంగారు పడక్కర్లేదు. పక్క బెడ్ వాడి కంప్యూటర్‌లో అదే గేమ్ ఉంటే స్టీమ్ దాన్ని లోకల్ నెట్‌వర్క్ మీద తెచ్చుకుంటుంది. వాడి దగ్గర విండోస్ ఉన్నా ఫర్వాలేదు, ప్రోటాన్‌కి కావాల్సింది ఆ విండోస్ ఫైళ్లే.

కార్డు, డిస్ట్రో

ఏఎండీ గ్రాఫిక్స్ కార్డయితే డ్రైవర్ కెర్నెల్‌లో, దానికి తోడుండే మెసా అనే గ్రాఫిక్స్ భాగంలో ముందే ఉంటుంది, వేసుకునే పని లేదు. దానికీ ఒక లోటుంది. ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెట్టడానికి ఆ ప్రమాణాల సంస్థ 2024లో ఒప్పుకోలేదు. 4కే టీవీకి 120 హెర్ట్జ్‌లో కలపాలనుకునేవాళ్లకి అది దెబ్బ, డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ ఉన్నవాళ్లకి ఏమీ కాదు. ఎన్‌విడియా ఒకప్పటిలా లేదు, 2024లో 555 డ్రైవర్ వచ్చాక, లినక్స్ తెరను నడిపే కొత్త పద్ధతి వేలాండ్‌లో తెర మినుకుమినుకుమనడం బాగా తగ్గింది. డైరెక్ట్‌ఎక్స్ 12 గేముల్లో మాత్రం విండోస్ కంటే ఫ్రేములు తగ్గడం ఇంకా కనిపిస్తుంది. జీటీఎక్స్ 10 సిరీస్ పాత లాప్‌టాప్‌లలో అది మరీ ఎక్కువ, పైగా 580 వరుసే వాటికి చివరి డ్రైవర్. అలాంటివాటిలో డైరెక్ట్‌ఎక్స్ 11 దాకా ఉన్న గేములతో సరిపెట్టుకోండి.

డిస్ట్రోల గురించి వాదించుకుంటూ సాయంత్రాలు గడిపే ఓపిక నాకు లేదు. గేముల కోసమే అయితే బజ్జైట్, రోజువారీ పనులకి కూడా అయితే మింట్. ఉబుంటు వేస్తే స్టీమ్‌ని ఉబుంటు వాళ్ల ప్యాకేజీ రకమైన స్నాప్‌గా కాకుండా వాల్వ్ ఇచ్చే డెబ్ ప్యాకేజీగా వేసుకోండి.

ఇప్పుడే తేల్చుకోవాలా?

ఆగే ఓపిక ఉంటే ఆగడానికి కొన్ని కారణాలున్నాయి. స్టీమ్ సర్వేలో లినక్స్ వాటా 2025 అక్టోబరులో మొదటిసారి 3 శాతం దాటింది. చిన్న అంకెలా ఉంటుంది గానీ గేమ్ కంపెనీలు చూసేది దాన్నే. తర్వాతి నెలలో వాల్వ్ కొత్త స్టీమ్ మెషీన్‌ని ప్రకటించింది. 2015లో లేని ప్రోటాన్ ఇప్పుడు ఉంది. స్టీమ్ డెక్‌నైతే మన దేశంలో అధికారికంగా అమ్మలేదు, దిగుమతి చేసేవాళ్ల దగ్గర ఎక్కువ పెట్టి, వారంటీ లేకుండా కొనడాన్ని నేను సమర్థించను.

ఇంకో ఆశ అనుకోని వైపు నుంచి వచ్చింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఒకటి వికటించి ప్రపంచమంతా నీలి తెరలు వచ్చాయి, మన విమానాశ్రయాల్లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అప్పటినుంచి సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్లను కెర్నెల్ బయటికి తెచ్చే ప్రయత్నంలో ఉంది మైక్రోసాఫ్ట్. యాంటీ-చీట్‌లు కూడా ఆ దారిన బయటికొస్తే ప్రోటాన్‌కి పని తేలికవుతుంది. వస్తాయని మాత్రం ఇప్పుడే పందెం కాయను.

ఈలోగా నన్నడిగితే: విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్, ఒంటరి ఆట అయితే ఇవాళే మింట్ వేసుకోండి. ఫ్రెండ్స్‌తో ఆడే గేమ్ ఒక్కటున్నా విండోస్ ఉంచుకోండి, ఖాళీ స్లాట్ ఉంటే లినక్స్‌ని రెండో డిస్కులో పెట్టండి. సొంత లాప్‌టాప్ లేదు, ఆఫీసువాళ్లిచ్చిందే ఉంది, పెన్‌డ్రైవ్‌లో లినక్స్ పెట్టి రాత్రిపూట ఆడుకుంటే తప్పేంటి అని అడిగేవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. కంపెనీ డిస్కు బిట్‌లాకర్‌లో ఉంటుంది, పెన్‌డ్రైవ్ కోసం బయోస్‌ని కదిపితే అది రికవరీ కీ అడగొచ్చు, ఆ కీ ఐటీ టీమ్ దగ్గర ఉంటుంది. సోమవారం పొద్దున్నే వాళ్లకి ఫోన్ చేసి కీ ఎందుకు కావాలో చెప్పుకోగలిగితే మీ ఇష్టం.