ఉద్దానంలో పదకొండు వారాలు

మా నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి అక్కడే రిటైరయ్యారు. నేను పుట్టిందీ చదివిందీ అక్కడే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో సోంపేటకీ మందసకీ మధ్యనున్న మా ఊరు నాకు వేసవి సెలవుల్లో పదేసి రోజులు తెలుసు. ఆ తర్వాత పెళ్లిళ్లకీ దినాలకీ వెళ్లి వచ్చానంతే. నాన్న పోయాక, ఆయన వాటా అరవై సెంట్ల కొబ్బరితోటని నా పేరుకి మార్పించుకుందామని కిందటి డిసెంబరులో వెళ్లాను. రెండు వారాల పని అనుకున్నాను. ల్యాప్‌టాప్ ఉంది కాబట్టి ఉద్యోగానికి ఢోకా లేదు. తీరా పదకొండు వారాలు ఉండిపోయాను.

మొదటి తప్పు దిగిన రోజే చేశాను. ఎవర్నీ ఇబ్బంది పెట్టకూడదని కాశీబుగ్గలో లాడ్జి తీసుకున్నాను. ఏసీ గది రోజుకి 1,500. దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. వేడినీళ్లు మాత్రం పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది దాకానే, రాత్రంతా లారీల హారన్లు. పలాస స్టేషను పక్కనే, హోటళ్లు, ఏటీఎంలు, మందుల షాపులు నడిచే దూరంలో ఉంటాయి. రెండు మూడు రోజులు ఊళ్లు చూసి పోయేవాళ్లకి అది చాలు. నాకు కుదరలేదు. మూడోరోజు పెద్దమ్మ మనవడితో కబురు పెట్టింది: ‘మా కొంప కాలిపోనాదేటి, లాడ్జీలో దిగినాడు?’ ఆ సాయంత్రమే పెట్టె సర్దేశాను.

పెద్దమ్మ ఇంట్లో నాకిచ్చింది వీధి గది. బాత్రూము పెరట్లో, రాత్రిపూట టార్చి తప్పదు. నెట్టు గురించి బెంగపడ్డాను గానీ కేబుల్ అబ్బాయి రెండు రోజుల్లో ఫైబర్ లాగి పెట్టాడు, బెంగళూరులో మా అపార్టుమెంటులో కంటే నయం. కరెంటు మాత్రం మీటింగు మధ్యలో పోయేది. చిన్న ఇన్వర్టరు కొన్నాను, వచ్చేటప్పుడు అక్కడే వదిలేశాను.

డబ్బు సంగతి ఎలా తేల్చుకోవాలో ఎవరూ ముందు చెప్పరు. నెల తిరగ్గానే పదివేలు కవరులో పెట్టి వదిన చేతికిచ్చాను. ఆవిడ కవరు తెచ్చి నా దిండు కింద పెట్టేసింది, రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. చివరికి అన్నయ్యే దారి చెప్పాడు: గ్యాసు బండ నువ్వు బుక్ చెయ్యి, ఆదివారం చేపలు నువ్వు తే. ఆ తర్వాత ఏ ఇబ్బందీ లేదు.

భాష నేననుకున్నదానికి తిరగబడింది. మా ఖరగ్‌పూర్ తెలుగు విని నవ్వుతారేమోనని భయపడ్డాను. నవ్వారు గానీ కారణం వేరు. నేను నానమ్మ దగ్గర నేర్చుకున్న మాటలే ఇంకా వాడుతున్నాను. నేను ‘చోడి అంబలి’ అంటే అన్నయ్య కూతురు ‘రాగిజావ అనండి చిన్నాన్నా’ అని దిద్దింది. పెద్దమ్మకి మాత్రం నా మాట వింటే ఉత్సాహం. ‘మీ నానమ్మ నోరే వచ్చినాది నీకు’ అనేది. టీవీ చేరని చోటికి మోసుకుపోయిన మాటలు చెడకుండా ఉండిపోయాయన్నమాట. సోంపేట బజార్లో సగం బేరాలు ఒరియాలో నడుస్తాయి. నా బెంగాలీకి కాస్త ఒరియా యాస తగిలించి నెట్టుకొచ్చాను.

నీళ్ల దగ్గర మాత్రం మొహమాటం పనికిరాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా గట్టిగా తేలలేదు. మా పెద్దమ్మ రెండో కొడుకు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తాడు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరిచారు. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు పైపుల్లో తెస్తున్నారు. మా వీధిలో కుళాయి ఉంది, రోజూ రాదు. వచ్చినా వాడుకకే, తాగడానికి క్యానే. మొదట్లో ఎవరింటికెళ్లినా మంచినీళ్లిస్తే తాగాలా వద్దా అని తటపటాయించేవాణ్ని. అది చూసి అక్కడివాళ్లే ‘క్యాన్ నీలే బాబూ’ అనేవాళ్లు. సిగ్గేసేది.

కాగితాల పని గురించి ఎంత తక్కువ చెప్తే అంత మంచిది. అయినా నాలాంటి వలస కుటుంబాల పిల్లల కోసం ఒక్క సంగతి చెప్తాను. నాన్న ఊళ్లో అప్పన్న, రైల్వేలో అప్పారావు. భూమి రికార్డు అడంగల్‌లో ఒక పేరు, మరణ ధ్రువపత్రంలో ఇంకో పేరు. ఇద్దరూ ఒకరేనని నిరూపించడానికే ఆరు వారాలు పోయాయి. అఫిడవిట్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఊరి పెద్దల సంతకాలు కావాలన్నారు. ఒక ఆఫీసులో ఒక సీటు దగ్గరైతే ‘రేపు రండి’ అని తొమ్మిదిసార్లు విన్నాను. పెద్దవాళ్లు బతికుండగానే ఆ పేర్లు సరిచేయించుకోండి.

తిరిగిన చోట్లలో నాకు అన్నిటికంటే నచ్చింది తేలినీలాపురం. టెక్కలి దగ్గర, నౌపడ ఉప్పుమళ్లకి పక్కన. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊరి నడిమధ్య చింతచెట్ల మీదే గూళ్లు కట్టుకుంటాయి. సెప్టెంబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. కింద ఇళ్లవాళ్లు బట్టలారేసుకుంటూనే ఉంటారు, రెట్ట పడితే విసుక్కోరు. సాయంత్రం పక్షులు తిరిగొచ్చే వేళకి వెళ్లాలి. తినడానికేమీ దొరకదు, టెక్కలిలోనే కానిచ్చుకోండి.

శ్రీకాకుళంలో రెండు రాత్రులుండి చుట్టుపక్కల గుళ్లు చూశాను. రైల్లో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషను ఉండేది ఆమదాలవలసలో. ఊరికి పదమూడు కిలోమీటర్లు, ఆటోవాడు మొదట చెప్పే రేటు రేటు కాదు. అరసవల్లికి ఆదివారం వెళ్లకండి, రథసప్తమికి అసలే వద్దు. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులే. జనవరిలో వెళ్లి తెల్లారకుండానే వరసలో నిల్చున్న నాకు పక్కాయన ఆ సంగతి చెప్పి జాలిపడ్డాడు. శ్రీకూర్మంలో జనం తక్కువ, నిదానంగా చూడొచ్చు. రెండు ధ్వజస్తంభాలు, మండపం గోడల మీద వెలిసిపోతున్న చిత్రాలు, ఆవరణలో నక్షత్ర తాబేళ్లు ఉన్నాయి. చిత్రాల కోసం మళ్లీ వెళ్తాను. శ్రీముఖలింగం వంశధార ఒడ్డున, తూర్పు గాంగుల ఒకప్పటి రాజధాని. అక్కడ చెక్కడాల ముందు నిలబడితే పూట ఎలా గడిచిందో తెలియదు. బస మాత్రం శ్రీకాకుళంలోనే పెట్టుకోవాలి.

మందస కోవా కొనండి, ఆ రోజే తినేయండి. పలాస జీడిపప్పు కొనేముందు అడగండి. చాలా బట్టీలకి పచ్చి గింజలు ఆఫ్రికా నుంచి వస్తాయి. ఉద్దానం గింజ కావాలంటే కోత వేసవిలో, ఊళ్లో తెలిసినవాళ్లని పట్టుకోవాలి.

బారువ బీచికి పొద్దున్నే సైకిలు మీద పోయేవాణ్ని. మహేంద్రతనయ నది అక్కడే సముద్రంలో కలుస్తుంది, వెనక్కి తిరిగితే మహేంద్రగిరి కొండ. జనవరి చివర్లో తీరాన రెండు సముద్రపు తాబేళ్లు చచ్చి పడున్నాయి. ఫొటో తియ్యబుద్ధి కాలేదు.

పేరు మారిన కాగితం చేతికొచ్చిన రోజు అన్నయ్యతో తోటకి వెళ్లాను. మా ఊళ్లో కాలాన్ని తిత్లీకి ముందు, తిత్లీకి తర్వాత అని లెక్కేస్తారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుఫానుకి నాన్న వాటాలో ముప్పై ఎనిమిది చెట్లలో ఆరు మిగిలాయి. ఇప్పుడక్కడ నా భుజమెత్తు దాటిన చెట్లు వరసగా ఉన్నాయి, నాలుగింటికి తొలి గెలలు వేశాయి. ఎవరు నాటారని అడిగాను. అన్నయ్య ఇంటికొచ్చాక ఒక పాత నోటుబుక్కు తీశాడు. 2019 నుంచి ‘చిన్నాన్న వాటా’ అని వేరే పేజీ. మొక్కలు, కంచె, మోటారు రిపేరు, నీళ్లు పెట్టిన మనిషికి కూలి అన్నీ రాసున్నాయి. ఆ పదకొండు వారాల్లో ఒక్కసారీ ఆ ఊసెత్తలేదు.

‘ఇదంతా ముందే చెప్పొచ్చు కదా అన్నయ్యా.’

‘మతి ఉండాలని రాసుకున్నాను గానీ అడగడానికి కాదురా.’

మొత్తం కూడి పంపుతానన్నాను. ఒప్పుకోలేదు. ఈ ఏడు కాయ అమ్మిన డబ్బు ఆ పేజీలోనే జమ వేసుకోమన్నాను. దానికి మాత్రం తలూపాడు. వదిన గోనెసంచిలో ఇరవై కాయలు కట్టింది. సోంపేటలో రైలు ఆగీ ఆగగానే కదిలిపోతుంది, బస్తా ఉన్నవాళ్లు పలాస వెళ్లి ఎక్కడమే మేలు.